‘కాంప్రమైజ్’ కనపడ్డ చోటల్లా ‘రాజీ’ పెట్టేయొచ్చా?

#1 తెనుగుతోట

ఒక మొబైల్ యాప్‌నూ, దాంతో వచ్చే సహాయ పత్రాల్నీ తెలుగులోకి తేవాలి. ఇంగ్లీషు మూలంలో ‘కాంప్రమైజ్’ అనే మాట ఐదు చోట్ల వచ్చింది. యంత్రానువాదం ఐదు చోట్లా ‘రాజీ’నే ఇచ్చింది. వచ్చినవి వచ్చినట్టు పెడుతున్నాను:

1. మీ పాస్‌వర్డ్ రాజీపడింది. వెంటనే మార్చండి.
2. రాజీపడిన రోగనిరోధక వ్యవస్థ ఉన్నవారు వైద్యుణ్ణి సంప్రదించాలి.
3. సీలు రాజీపడితే వాడవద్దు.
4. ఇరుపక్షాలు రాజీపడటంతో దావా ముగిసింది.
5. నాణ్యత విషయంలో రాజీపడకుండా ధర తగ్గించాం.

చివరి రెండూ చెవికి బాగానే ఉన్నాయి. మొదటి మూడూ తెలుగే కాదు. అయితే ఎందుకు కాదో కారణం చెప్పగలిగితేనే అవతలి సమీక్షకుడు ఒప్పుకుంటాడు, ‘వినడానికి బాగాలేదు’ అంటే చాలదు. మొదటి వాక్యం ఫోన్ తెరమీద రెండు వరసల్లో ఇమడాలి. మీ మీ రంగాల్లో నిజంగా వాడే మాటలు చెప్పండి.

#2 పాతమాట

కారణం ‘రాజీ’ అనే మాటలోనే ఉంది. అది అరబ్బీలో పుట్టి, పారశీకం మీదుగా మనకొచ్చింది. అసలు అర్థం ‘సమ్మతించిన’, ‘తృప్తిపడ్డ’. ఉర్దూలో ‘మై రాజీ హూఁ’ అంటే ‘నాకు సమ్మతమే’ అని. తెలుగులో ఆ సమ్మతి తగవు తీరే సందర్భానికి అతుక్కుపోయింది గానీ పోలేదు. రాజీ ఉన్నచోట సమ్మతించే మనిషి ఉండాలి. పాస్‌వర్డ్ దేనికి సమ్మతించింది? సీలు దేనికి ఒప్పుకుంది? అందుకే ఆ వాక్యాలు పొసగవు.

ఇంగ్లీషు మాట దారి వేరు. లాటిన్ ‘కాంప్రోమిస్సుమ్’ అంటే కలిసి మాటిచ్చుకోవడం. రోమన్ న్యాయంలో తగవు పడ్డ ఇద్దరూ ఒక మధ్యవర్తిని ఎన్నుకొని, ఆయన చెప్పినదానికి కట్టుబడతామనీ, తప్పితే ఇంత సొమ్ము చెల్లిస్తామనీ ఒకరికొకరు మాటిచ్చేవారు. దేశాలు తమ వివాదాన్ని అంతర్జాతీయ న్యాయస్థానానికి అప్పగిస్తూ రాసుకునే ప్రత్యేక ఒప్పందాన్ని ఇప్పటికీ ఫ్రెంచి రూపంలో ‘కాంప్రోమీ’ అనే పిలుస్తారు. తలో మెట్టు దిగడం అనే అర్థం తర్వాత కుదురుకుంది. ఆపైన ఇంగ్లీషులో ఇంకో కొమ్మ మొలిచింది: పరువునో, భద్రతనో, బలాన్నో ప్రమాదంలోకి నెట్టడం. ఈ రెండో కొమ్మ మన ‘రాజీ’కి ఎప్పుడూ మొలవలేదు. మీ 1, 2, 3 వాక్యాలు ఆ కొమ్మ మీదివి. 4, 5 మొదటి కొమ్మవి.

ఇంకొక్క మాట. పక్క భాషల్లో ఇదే మాట ఎక్కడికి పోయిందో చూస్తే జాగ్రత్త పెరుగుతుంది. మలయాళంలో ‘రాజి’ అంటే ఉద్యోగానికో పదవికో రాజీనామా. తగవు తీరడాన్ని వాళ్ళు ‘ఒత్తుతీర్పు’ అంటారు. హిందీలో రాజీనామా అంటే రాజీ పత్రం, పదవి వదిలితే ‘ఇస్తీఫా’. మరాఠీ, కన్నడం, తమిళం మనలాగే రాజీనామాను పదవికి కట్టేశాయి.

#3 గుమ్మడిపూలు

పాతమాట గారూ, రాజీనామా అంటే అక్షరాలా ‘సమ్మతి పత్రం’ కదా. మరి అది ఉద్యోగం వదలడం ఎలా అయింది?

#4 పాతమాట

భూమి లెక్కల వైపు చూడండి. రైత్వారీ పద్ధతిలో బొంబాయి ప్రాంతంలో రైతు తన పేరనున్న భూమి వదులుకుంటే సర్కారుకు ‘రాజీనామా’ రాసిచ్చేవాడు, కొత్తగా తీసుకునేవాడు ‘కబూలియత్’ రాసిచ్చేవాడు. నా ఇష్టంతోనే వదులుతున్నాను అని ఒకరు, నేను ఒప్పుకొని తీసుకుంటున్నాను అని ఇంకొకరు. ఇష్టపూర్వకంగా వదిలే కాగితం భూమికి సరిపోయినట్టే కొలువుకూ సరిపోతుంది. ‘నామా’ అంటే పత్రం: వీలునామా, కౌలునామా, ముక్తార్‌నామా. వీలునామాలో ‘వీలు’ ఇంగ్లీషు ‘విల్’, ‘నామా’ పారశీకం. రెండు దేశాల మాటల్ని కలిపి కుట్టుకున్నా మనకు పరాయిగా అనిపించదు.

పాత కాగితాలు అనువదించేవారికి ఒక హెచ్చరిక. మద్రాసు ప్రెసిడెన్సీ కోర్టు రికార్డుల్లో ‘రాజీనామా డిక్రీ’ అని కనిపిస్తే ఎవరో పదవి వదిలారని కాదు, ఇరుపక్షాల రాజీ పత్రం ప్రకారం ఇచ్చిన డిక్రీ అని.

#5 తాళంచెవి

మొదటి వాక్యం గురించి. నెట్‌వర్క్ భద్రతలో ‘కాంప్రమైజ్డ్’ అనేది ఒక్క స్థితి కాదు. ఏ వస్తువుకు ముందు వచ్చిందో చూడకుండా తెలుగు మాట ఎంచుకుంటే వాడుకరి తప్పు పని చేస్తాడు.

పాస్‌వర్డ్‌కు వస్తే, అది ఎక్కడో దొంగిలించి బయటపెట్టిన జాబితాలో కనిపించిందని అర్థం. ఖాతాలోకి ఎవరైనా దూరారని కాదు. చాలా సేవలు ఈ పరీక్షను ఇలా చేస్తాయి: మీ పాస్‌వర్డ్‌ను షా-1 అనే పద్ధతిలో 40 అక్షరాల హ్యాష్‌గా, అంటే వెనక్కి తిప్పి చదవలేని గుర్తుగా మార్చి, అందులో మొదటి 5 అక్షరాల్ని మాత్రమే సర్వర్‌కు పంపుతాయి. ఆ 5తో మొదలయ్యే లీకైన హ్యాష్‌లన్నీ తిరిగొస్తాయి. మిగతా పోలిక మీ ఫోన్‌లోనే జరుగుతుంది. అంటే ఆ పాస్‌వర్డ్ మీదే కానక్కర్లేదు, అదే పాస్‌వర్డ్ వాడే ఇంకెవరిదో లీకై ఉండొచ్చు. కాబట్టి ఇక్కడ ‘లీకైంది’ అనాలి. ప్రశ్నపత్రం లీకైంది అంటే పల్లెలోనూ అర్థమవుతుంది, ఇదీ అంతే.

ఖాతాకు వస్తే, వేరేవాళ్ళు లోపలికి వచ్చారు. ‘మీ ఖాతా వేరేవాళ్ళ చేతికి చిక్కింది’ అనండి. ‘హ్యాక్ అయింది’ కూడా జనం మాటే.

సర్వర్‌కో కంప్యూటర్‌కో వస్తే, దాని మీద అదుపు పోయిందని. ‘చొరబాటు జరిగింది’ సరిపోతుంది. ‘ఇండికేటర్స్ ఆఫ్ కాంప్రమైజ్’ను ‘చొరబాటు ఆనవాళ్ళు’ అనొచ్చు. తెలియని ఐపీకి అర్ధరాత్రి పోతున్న ట్రాఫిక్, కొత్తగా పుట్టిన అడ్మిన్ ఖాతా, మారిపోయిన ఫైల్ హ్యాష్ లాంటివి.

గూఢలిపి తాళం, అంటే ప్రైవేట్ కీ విషయంలో, అది రహస్యంగా మిగల్లేదని అర్థం. వెబ్‌సైట్ల వంటివాటి గుర్తింపు కోసం ఇచ్చే డిజిటల్ సర్టిఫికెట్ రద్దు చేసేటప్పుడు చెప్పే కారణాల్లో 1వ నంబరు కీ కాంప్రమైజ్, 2వ నంబరు సీఏ కాంప్రమైజ్, అంటే సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ తాళమే బయటికి పోవడం. రెండో దాంట్లో ఆ సంస్థ ఇచ్చిన ప్రతి సర్టిఫికెట్ మీదా నమ్మకం పోతుంది. ఇక్కడ ‘తాళం రహస్యం బయటపడింది’ అని విడమరచి చెప్పడమే మేలు.

‘బిజినెస్ ఈమెయిల్ కాంప్రమైజ్’ అనే మోసం పేరును ‘వ్యాపార ఈమెయిల్ రాజీ’ అని రాసినవి చూస్తున్నాం. అది చదివినవాడికి ఏదో సంస్థ కోర్టు బయట సర్దుబాటు చేసుకుందనిపిస్తుంది. జరిగేది వేరు. యజమాని మెయిల్‌లోకి దూరి, లేదా దాన్ని పోలిన చిరునామా నుంచి, అకౌంట్స్ విభాగానికి ‘సరఫరాదారు బ్యాంకు ఖాతా మారింది, డబ్బు ఇందులో వేయండి’ అని రాస్తారు. ‘ఆఫీసు ఈమెయిల్ పేరుతో డబ్బు మళ్ళింపు మోసం’ అంటే పొడుగే అయినా పాఠకుడు జాగ్రత్త పడతాడు.

#6 తెనుగుతోట

తాళంచెవి గారూ, లీకైనదానికీ చేతికి చిక్కినదానికీ వాడుకరి చేయాల్సిన పని కూడా వేరవుతుందా? అయితే సహాయ పత్రంలో రెండు వేరు పేరాలు పెట్టాలి.

#7 తాళంచెవి

వేరవుతుంది. లీకైతే ఆ పాస్‌వర్డ్ వాడిన ప్రతిచోటా మార్చాలి. ముందు ఈమెయిల్‌ది, తర్వాత బ్యాంకుది. ఈమెయిల్ ముందెందుకంటే మిగతా అన్నిటి ‘పాస్‌వర్డ్ మర్చిపోయాను’ లంకె అక్కడికే వస్తుంది.

ఖాతా చేతికి చిక్కితే పాస్‌వర్డ్ మార్చడం చాలదు. అన్ని పరికరాల నుంచీ లాగౌట్ చేయించాలి. లేకపోతే దొంగ తెరిచిపెట్టుకున్న సెషన్ అలాగే ఉండొచ్చు. రికవరీ ఫోన్ నంబరు, రికవరీ మెయిల్ మారాయేమో చూడాలి. మెయిల్ ఫార్వర్డింగ్ నియమాలు చూడాలి, ఎక్కువమంది మర్చిపోయేది ఇదే. ఆ తర్వాతే రెండంచెల ధ్రువీకరణ పెట్టాలి. ముందే పెడితే దొంగ చేర్చిన ఫోన్‌కే కోడ్ పోవచ్చు.

సంస్థలైతే 2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఆదేశాల ప్రకారం ఇలాంటి ఘటన తెలిసిన 6 గంటల్లోపు తెలియజేయాలి. ఆ నివేదిక తెలుగు ప్రతిలో ‘మా సర్వర్ రాజీపడింది’ అని రాస్తే, సంస్థే ఒప్పుకొని తలుపు తీసిందన్న అర్థం వస్తుంది. బాధితుణ్ణి భాగస్వామిని చేసే మాట అది.

#8 మాత్రబిళ్ళ

రెండో వాక్యం. ‘రోగనిరోధక శక్తి తగ్గినవారు’ అంటే చాలు. ‘వ్యవస్థ’ అక్కర్లేదు, జనం శక్తి అనే అంటారు.

కానీ వైద్యంలో మూడు మాటలు పక్కపక్కన తిరుగుతాయి, కలపకూడదు. పుట్టుకతోనో, హెచ్ఐవీ లాంటి జబ్బుతోనో వచ్చింది ‘లోపం’. మందులతో కావాలనే తగ్గించింది ‘అణచడం’, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్ళకు ఇచ్చే మందులు ఇలాంటివి. ఈ రెండింటినీ, క్యాన్సర్ కీమోథెరపీ వంటి వాటినీ కలిపి చెప్పే పెద్ద గొడుగు ‘ఇమ్యునోకాంప్రమైజ్డ్’. అందుకే దాన్ని ‘లోపం’ అని రాస్తే స్టెరాయిడ్ వాడే మనిషి తనకు వర్తించదనుకుంటాడు.

పత్రంలో ఆ ఒక్క ముక్క రాసి ఊరుకోకండి, ఎవరెవరో చెప్పండి. పెద్దవాళ్ళలో ప్రెడ్నిసలోన్ రోజుకు 20 మిల్లీగ్రాములు లేదా అంతకు మించి 2 వారాలు, ఆపైన వాడుతుంటే రోగనిరోధక శక్తి తగ్గినట్టే లెక్క వేస్తారు. అలాంటివారికి తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా కలిసిన ఎంఎంఆర్, నోట్లో వేసే పోలియో చుక్కలు వంటి సజీవ టీకాలు సాధారణంగా ఇవ్వరు. బలహీనపరిచిన సూక్ష్మజీవి కూడా వాళ్ళలో పెరిగే ప్రమాదం ఉంది. ఒకటి మాత్రం కొట్టొచ్చినట్టు రాయండి: ఇది చదివి స్టెరాయిడ్ మాత్రలు ఎవరూ సొంతంగా ఆపకూడదు. వారాల తరబడి వాడి ఒక్కసారి ఆపితే శరీరం సొంతంగా కార్టిసాల్ అనే హార్మోన్ చేసుకోలేక ప్రాణం మీదికి వస్తుంది.

ఆసుపత్రి కాగితాల్లో ఇదే మాట ఇంకా చాలా చోట్ల వస్తుంది. కట్టు వేశాక ‘వాస్క్యులర్ కాంప్రమైజ్’ ఉందేమో చూడాలంటే, వేళ్ళకు రక్తం అందుతోందో లేదో చూడాలని. ఇంటికి పంపే కాగితంలో ఇలా రాస్తే పేషెంట్‌కు పనికొస్తుంది: ‘వేళ్ళు నీలంగా మారినా, చల్లబడినా, తిమ్మిరెక్కినా, కదిపితే భరించలేని నొప్పి వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి రండి.’ కడుపులో బిడ్డ విషయంలో ‘ఫీటల్ కాంప్రమైజ్’ను ‘బిడ్డకు ఆక్సిజన్ సరిగా అందడం లేదు’ అని చెప్పాలి. కాన్పు గది బయట నిలబడ్డవాళ్ళకు ‘పిండం రాజీ’ అన్న కాగితం చూపిస్తే ఏమర్థమవుతుంది?

#9 కోర్టుబెంచీ

నాలుగో వాక్యానికి చిన్న సవరణ. ‘రాజీపడటంతో’ కాదు, ‘రాజీ కుదరడంతో’ లేదా ‘రాజీ చేసుకోవడంతో’. దావాలో ఒకరు తగ్గారా ఇద్దరూ తగ్గారా అనేది కోర్టుకు అనవసరం. ఇద్దరూ ఒప్పుకున్నారా, ఆ ఒప్పందం చట్టబద్ధమా అన్నదే చూస్తుంది.

అసలు పాయింటు ‘దావా ముగిసింది’లో ఉంది. రెండు రకాలుగా ముగుస్తుంది, తేడా తెలియక జనం నష్టపోతారు. బయట పెద్దమనుషుల ముందు మాట్లాడుకొని, కోర్టులో ‘దావా వెనక్కి తీసుకుంటున్నాం’ అని చెప్పేస్తే చేతికి డిక్రీ రాదు. అవతలివాడు మాట తప్పితే అమలుకు ఈపీ (డిక్రీని అమలు చేయమనే అర్జీ) వేయడానికి ఏమీ ఉండదు. కోర్టు అనుమతి పుచ్చుకోకుండా వెనక్కి తీసుకుంటే అదే విషయం మీద మళ్ళీ దావా వేయడానికీ వీల్లేదు. అదే సివిల్ ప్రొసీజర్ కోడ్ 23వ ఆర్డరు 3వ రూలు కింద రాజీ మెమో దాఖలు చేస్తే కోర్టు దాన్ని నమోదు చేసుకొని ఆ షరతులతోనే డిక్రీ ఇస్తుంది.

మెమోలో ఉండాల్సినవి: లిఖితపూర్వకంగా ఉండాలి, పక్షాల సంతకాలు ఉండాలి (1976 సవరణ తర్వాత ఇది తప్పనిసరి). సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు. నక్షా జతచేస్తే దాని మీద కూడా సంతకాలు. డబ్బైతే ఎంత, ఏ తేదీకి, ఎన్ని వాయిదాల్లో, తప్పితే ఏం జరుగుతుంది. ‘వీలైనంత త్వరలో చెల్లించగలడు’ అని రాసిన మెమోలు వస్తుంటాయి. ఆ డిక్రీని ఏ రోజున అమలు చేయమని అడుగుతారు? ప్రతివాదులు నలుగురుంటే నలుగురూ సంతకం పెట్టాలి. పెట్టనివాడు ఆ రాజీకి కట్టుబడడు.

అందరూ తడబడేది రిజిస్ట్రేషన్ దగ్గర. దావాలో ఉన్న ఆస్తి వరకు రాజీ డిక్రీకి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ దావాలో లేని ఇంకో స్థలాన్ని కూడా ‘ఇదీ నీకే’ అని మెమోలో చేర్చేస్తే, 1908 రిజిస్ట్రేషన్ చట్టం 17(2)(vi) మినహాయింపు దానికి వర్తించదు. ఆ భాగానికి రిజిస్ట్రేషన్ చేయించకపోతే తర్వాత అమ్మబోయేటప్పుడు బయటపడుతుంది.

మైనర్ ఉంటే 32వ ఆర్డరు 7వ రూలు: సంరక్షకుడు కోర్టు అనుమతి తీసుకోవాలి, ఆ అనుమతి రికార్డులో స్పష్టంగా ఉండాలి. లేకపోతే మైనర్ ఆ రాజీని కొట్టేయించగలడు, అవతలి పక్షం మాత్రం తప్పించుకోలేదు. పాతమాట గారు చెప్పిన సమ్మతి సంగతే ఇది. సమ్మతించే వయసు రానివాడి తరఫున కోర్టే తూచి చూడాలి.

రాజీ డిక్రీ మీద అప్పీలు లేదు. మోసంతో సంతకం పెట్టించారని కొత్త దావా వేయడానికీ 23వ ఆర్డరు 3ఏ రూలు ఒప్పుకోదు. డిక్రీ ఇచ్చిన అదే కోర్టుకు వెళ్ళి ‘ఈ రాజీ చెల్లదు’ అని చెప్పుకోవాలి. సుప్రీంకోర్టు 2006లో పుష్పాదేవి భగత్ కేసులో ఇది విప్పి చెప్పింది.

లోక్ అదాలత్ అయితే 1987 న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 21వ సెక్షన్ కింద అవార్డు డిక్రీతో సమానం, అప్పీలు లేదు, కట్టిన కోర్టు ఫీజు తిరిగొస్తుంది. ‘రాజీ మార్గమే రాజ మార్గం’ అని గోడల మీద రాసేది దీని గురించే.

#10 గుమ్మడిపూలు

క్రిమినల్ కేసుల్లో కూడా రాజీ అంటారు కదా. అక్కడా ఇదే మాట వాడొచ్చా?

#11 కోర్టుబెంచీ

వాడతారు, కానీ అన్ని నేరాలకూ కాదు. పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 320వ సెక్షన్, 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ 359వ సెక్షన్. అందులో రెండు పట్టికలు: బాధితుడు తనంతట తాను రాజీ చేసుకోగలిగినవి, కోర్టు అనుమతితోనే చేసుకోగలిగినవి. ఈ పట్టికల్లో లేనిది ఠాణాలోనో రచ్చబండ దగ్గరో ‘రాజీ’ చేశామంటే చట్టం దృష్టిలో అది రాజీ కాదు. పట్టికలో ఉన్నదాన్ని రాజీ చేసుకుంటే నిందితుడు నిర్దోషిగా విడుదలైనట్టే. చెక్ బౌన్స్ కేసులకు వేరే దారి: నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 147వ సెక్షన్ వాటన్నిటినీ రాజీ చేసుకోదగినవిగా చేసింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక విశేషం ఉండేది. మిగతా దేశంలో 498ఏ కేసు, అంటే భార్యను భర్తో అతని బంధువులో వేధించిన కేసు, రాజీకి కుదరనిది. ఇక్కడ 2003లో తెచ్చిన రాష్ట్ర సవరణతో, పాత చట్టం కింద కోర్టు అనుమతితో రాజీకి వీలు కల్పించారు. అయితే రాజీ కోరిన రోజు నుంచి కనీసం 3 నెలలు ఆగాలి, ఆలోగా ఎవరూ వెనక్కి తగ్గకూడదు. ఆ మూడు నెలలూ ఎందుకో తెలుసుగా, ఆమె ఒప్పుకుందా, ఒప్పించారా అన్నది తేలడానికి.

అత్యాచారం కేసులో రాజీ అనే మాటే రాకూడదు. 2015లో మదన్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు ఇందులో రాజీకి ఏ పరిస్థితుల్లోనూ తావు లేదని చెప్పింది. 2012 నాటి జ్ఞాన్‌సింగ్ తీర్పు రాజీకి కుదరని కేసుల్ని కూడా హైకోర్టు కొట్టేసే వీలిచ్చింది గానీ, హత్య, అత్యాచారం, బందిపోటు వంటివాటిని పక్కకు పెట్టింది.

#12 సబ్‌డెస్క్

ఆ చివరి మాటకు విలేకరులు కూడా జవాబుదారీ. అత్యాచారం వార్తకు ‘పెద్దల సమక్షంలో రాజీ’ అని శీర్షిక పెడితే ఆ అమ్మాయి సమ్మతించిందని పత్రికే సాక్ష్యం చెప్పినట్టవుతుంది. ‘కేసు పెట్టొద్దని ఒత్తిడి’ అని రాయాలి. రెండూ శీర్షికలో సరిపోయేంత పొట్టివే.

సినిమా వార్తల్లో ఇంకో ఉచ్చు ఉంది. ‘కాంప్రమైజ్’, ‘అడ్జస్ట్‌మెంట్’, ‘కమిట్‌మెంట్’ అనేవి అవకాశం ఇవ్వడానికి పడక అడిగే పద్ధతికి ముసుగు పేర్లు. 2024 ఆగస్టులో బయటికొచ్చిన మలయాళ చిత్రరంగం మీది హేమ కమిటీ నివేదిక, అక్కడి మహిళలకు ‘కాంప్రమైజ్’, ‘అడ్జస్ట్‌మెంట్’ అనే రెండు మాటలూ బాగా తెలిసినవేనని రాసింది. దాన్ని తెలుగులో ‘రాజీపడమన్నారు’ అంటే ముసుగు ఇంకా మందమవుతుంది. ‘లైంగికంగా లొంగమన్నారు’ అనాలి. ఎవరైనా అన్న మాటను ఉటంకిస్తే మాత్రం ‘కాంప్రమైజ్’నే కొటేషన్లో ఉంచి, పక్క వాక్యంలో అర్థం చెప్పాలి.

‘కాంప్రమైజింగ్ పొజిషన్’కు ‘అభ్యంతరకర స్థితి’ అనడం అలవాటుగా వస్తోంది. ఫోటోల విషయంలో అది సరికాదు. బెదిరింపు కోసం వాడే ఫోటోల్ని ‘వ్యక్తిగత ఫోటోలు’ అంటే చాలు. ‘అభ్యంతరకర’ అనగానే తప్పు ఫోటోలో ఉన్న మనిషి మీదికి పోతుంది, బెదిరించినవాడి మీది నుంచి తప్పుకుంటుంది.

#13 కృష్ణాతీరం

చరిత్ర అనువాదాల వైపు నుంచి ఒక గమనిక. అమెరికా చరిత్రలో 1820 నాటి ‘మిస్సోరి కాంప్రమైజ్’, 1850 నాటి ‘కాంప్రమైజ్’ ఉన్నాయి. తెలుగులో ‘మిస్సోరి రాజీ’ అంటే అర్థమవుతుంది. అయితే మన ఒప్పందాల్లో దేని పేరులోనూ రాజీ లేదు చూడండి. 1932 సెప్టెంబరు 24న గాంధీ నిరాహారదీక్ష నడుమ కుదిరింది పూనా ఒడంబడిక. ప్రత్యేక నియోజకవర్గాలు వదులుకున్నందుకు రాష్ట్ర శాసనసభల్లో అణగారిన వర్గాలకు రిజర్వు స్థానాలు 148 అయ్యాయి. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇంట కుదిరింది శ్రీబాగ్ ఒడంబడిక. రాజధాని, హైకోర్టుల్లో రాయలసీమ ఏది కోరుకుంటే అది, రెండోది కోస్తాకు అన్నారు. 1953లో కర్నూలు రాజధాని, తర్వాతి ఏడాది గుంటూరులో హైకోర్టు రావడం ఆ మాట ప్రకారమే. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో కుదిరింది పెద్దమనుషుల ఒప్పందం. 1973లో వచ్చింది ఆరు సూత్రాల పథకం.

ప్రతిదాంట్లో రెండు పక్షాలూ ఏదో వదులుకున్నాయి. పేరులో మాత్రం ఒడంబడిక, ఒప్పందం, పథకం. ఒప్పందంలో ఉన్నవాళ్ళెవరూ తమ జనం ముందు ‘రాజీపడి వచ్చాం’ అని చెప్పరు. ఆ మాట తర్వాత ప్రత్యర్థులు అంటిస్తారు. కాబట్టి ‘మిస్సోరి ఒడంబడిక’ అన్నా తెలుగు పాఠకుడికి ఏమీ నష్టం లేదు, పైగా మనకు తెలిసిన వరసలో కూర్చుంటుంది.

#14 పలకాబలపం

కృష్ణాతీరం గారు అన్న ఆ ‘అంటించడం’ క్రియాపదంలోనే కనిపిస్తుంది. రాజీ కుదిరింది అంటే ఎవరి మీదా తప్పు లేదు, వ్యవహారం ఒక కొలిక్కి వచ్చింది. రాజీ కుదిర్చారు, రాజీ చేశారు అంటే మధ్యలో మూడోమనిషి ఉన్నాడు. రాజీకి వచ్చాడు అంటే ముందు అడుగు వేసిందెవరో చెబుతోంది. రాజీ చేసుకున్నారు అంటే ఇద్దరూ తమంతట తాము. రాజీపడ్డాడు అంటే మాత్రం ఎంతో కొంత లోకువ. రాజీపడిపోయాడు అంటే నింద. ‘రాజీలేని పోరాటం’ మెప్పు అయిందంటే, రాజీపడటం ఒక మెట్టు కిందని మన చెవి ఎప్పుడో నిర్ణయించుకుంది. ‘పడు’ చేరితేనే మనసున్న జీవి కర్త కావాలి: ఇష్టపడు, భయపడు, సంతోషపడు. పాస్‌వర్డ్ దగ్గర పొసగకపోవడానికి అదీ కారణం.

#15 పాతమాట

చివరి వాక్యంతో విభేదిస్తాను, పలకాబలపం గారూ. పాడుపడిన ఇల్లు, బయటపడిన రహస్యం, తెరపడిన నాటకం: మనసు లేని కర్తలకూ ‘పడు’ చక్కగా అతుకుతుంది. అడ్డుపడేది ‘పడు’ కాదు, ‘రాజీ’.

#16 పలకాబలపం

ఒప్పుకుంటున్నాను. ‘పాడుపడు’ తట్టలేదు.

దీనికి దగ్గర మాటలు కూడా తూచుకోవాలి. పట్టువిడుపులు అంటే ఇద్దరికీ పట్టూ ఉంది, విడుపూ ఉంది, బేరసారాల్లో బాగుంటుంది. మధ్యేమార్గం అంటే ఇద్దరిదీ కాని మూడో దారి. ఉభయతారకం అంటే ఇద్దరికీ మేలు. సర్దుబాటు కాగితాల్లో తటస్థం, కానీ ‘సర్దుకుపో’ అని ఆజ్ఞార్థకం చేస్తే ఒకరికే వర్తిస్తుంది, అదీ ఎక్కువగా ఇంటి కోడలికే. ఇంగ్లీషులో ఇద్దరూ కాంప్రమైజ్ అయిన వాక్యాన్ని ‘సర్దుకుపోయింది’ అని అనువదిస్తే కథే మారిపోతుంది. ‘పామూ చావకుండా కర్రా విరక్కుండా’ రాజీ కాదు, తేల్చకుండా నడపడం.

#17 తాపీపని

ఐదో వాక్యం తెలుగుగా బాగుంది కానీ ఏమీ చెప్పడం లేదు. దేన్ని తగ్గించి ధర తగ్గించారో చెప్పాలి.

కాంక్రీటు చూడండి. 50 కిలోల సిమెంటు బస్తాకు నీళ్ళు 25 లీటర్లు పోస్తే నీరు–సిమెంటు నిష్పత్తి 0.50. ఇసుకలో తడి కూడా ఆ 25లోనే లెక్క. పోత సులువుగా జారాలని మేస్త్రీ ఇంకో 5 లీటర్లు పోస్తే 0.60 అవుతుంది. కాంక్రీటుకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456:2000లో ఆర్‌సీసీకి (ఇనుము వేసిన కాంక్రీటుకు) అతి తేలిక వాతావరణంలోనే గరిష్ఠం 0.55. ఎక్కువైన నీరు ఆరిపోయాక సన్నని రంధ్రాలు మిగులుతాయి, బలం పడిపోతుంది, వాటిలోంచి తేమ చేరి ఇనుముకు తుప్పు పడుతుంది. ఇది నాణ్యతలో రాజీ, అక్షరాలా. ఎందుకంటే ఒక మనిషి ఒప్పుకొని చేశాడు. అదే నీళ్ళు పెంచకుండా ప్లాస్టిసైజర్ కలిపి జారేలా చేస్తే ఖర్చు పెరుగుతుంది, బలం తగ్గదు. అది రాజీ కాదు, ఎంపిక.

ఏళ్ళ తర్వాత ఆ స్తంభం పగుళ్ళిస్తే ఇంగ్లీషు నివేదికలో ‘కాంప్రమైజ్డ్’ అని వస్తుంది. అక్కడ ‘పటుత్వం దెబ్బతింది’ అని రాయాలి. మేస్త్రీ రాజీపడ్డాడు, స్తంభం దెబ్బతింది.

#18 తెనుగుతోట

అందరికీ ధన్యవాదాలు. ఇలా మార్చాను:

1. మీ పాస్‌వర్డ్ లీకైంది. వెంటనే మార్చండి.
2. రోగనిరోధక శక్తి తగ్గినవారు ముందు వైద్యుణ్ణి అడగాలి. (కింద ఎవరెవరో జాబితా, మందులు సొంతంగా ఆపొద్దన్న హెచ్చరిక)
3. సీలు చెదిరితే వాడవద్దు.
4. ఇరుపక్షాల మధ్య రాజీ కుదరడంతో కోర్టు ఆ షరతులతో డిక్రీ ఇచ్చింది.
5. ముడిసరుకు మార్చకుండా, ప్యాకింగ్ ఖర్చు తగ్గించి ధర తగ్గించాం. (నిజంగా అలా చేశారో లేదో సంస్థను అడిగాకే ఖాయం చేస్తాను)

#19 మాత్రబిళ్ళ

మూడోది మందు సీసా సీలైతే ‘చెదిరితే’ చాలదు. మూత కింద ఉంగరం తెగినా, రేకు మీద సూది మొనంత రంధ్రం ఉన్నా పైకి చెదిరినట్టు కనిపించదు. ‘సీలు తెగినా, ఊడినా, రంధ్రం పడినా వాడవద్దు’ అనండి.

#20 తెనుగుతోట

మార్చాను. కాస్త పొడుగైంది, కానీ లేబుల్ మీద చోటుంది.